మెడలో బాబిన్ డబ్బీ

మొన్న జగిత్యాల బస్టాండులో నా పక్కన ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. ఒళ్లో ఏడాది పాప. పాప గౌను వెనక గుండీ ఊడి, భుజం మీంచి జారిపోతోంది. ఆ అమ్మాయి మన ఆడవాళ్లందరూ చేసే పనే చేసింది. మెడలో తాడు బయటికి లాగి, దానికున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి గౌనుకు పెట్టింది. ఇంట్లో పిన్నీసు కావాలంటే అలమారలో కాదు, నా మెడలో వెతకాలని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. నేను అలవాటుగా చూసి తల తిప్పుకోబోయాను. అప్పుడు కనబడింది, ఆ పిన్నీసుల మధ్య వేలాడుతున్న గుండ్రటి ఉక్కు డబ్బీ. దాని అంచున చిన్న కొమ్ము, కొమ్ముకు రంధ్రం, ఆ రంధ్రంలోంచి దూర్చిన పిన్నీసు.

అది కుట్టుమిషను బాబిన్ కేసు. సూది కింద ఉండే పళ్లెం జరిపితే లోపల కనబడుతుంది. కింది దారం చుట్టిన బాబిన్ అందులోనే కూర్చుంటుంది. మెడలో వేసుకునే వస్తువు కాదు. మెడలో వేసుకునేవాళ్లను నేను ఒక్కచోటే చూశాను.

ఎవరు వేసుకోమన్నారమ్మా అని అడిగాను. "మాకు కుట్టు నేర్పిన అక్క. సిరిసిల్లల ఉంటది. ఆమె కాడ నేర్సుకున్నోళ్లం అందరం గిట్లనే వేసుకుంటం మేడం" అంది. ఇంకా అడిగేలోపు పాప ఏడుపు అందుకుంది. ఆ అమ్మాయి పాపను ఎత్తుకుని అటూ ఇటూ తిప్పసాగింది. నేను అక్కడే కూర్చుని పదేళ్లకు పైగా వెనక్కి, కోరుట్లకు వెళ్లిపోయాను.

కోరుట్లలో నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఆమె ఉండేది. అందరం ఖాలా అనేవాళ్లం. ఉర్దూలో పిన్ని అన్నమాట. ఆమె అసలు పేరు రేషన్ కార్డు మీద ఒకసారి చూశాను గానీ, ఆ పేరుతో ఒక్కరు పిలవగా వినలేదు కాబట్టి రాయబుద్ధి కావడం లేదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఏళ్ల తరబడి మిషను మీద వంగిన నడుము నిలబడినా పూర్తిగా లేచేది కాదు. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే ఆ పక్క నల్లదారం కట్టి చెవికి చుట్టుకుంది. కొత్తవి కొనుక్కోమంటే, దారానికి మా ఇంట్లో కరువా అనేది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు. బురఖా వేసుకుని బజారుకు వెళ్లినా దాని మీద టేపు అలాగే వేలాడుతుండేది. కూరగాయలవాళ్లు నవ్వారని ఇంటికొచ్చి మమ్మల్ని తిట్టేది, ముందే చెప్పొద్దా అని.

ముందు గదిలో ఆరు కాలు మిషన్లు ఉండేవి. వాటి మీద కూర్చునేవాళ్లంతా పాతికేళ్ల లోపు పిల్లలు. పిల్లలు అన్నానే గానీ, ఒక్కొక్కరి ఒళ్లో ఒక పసిబిడ్డ. మొగుడు కొట్టి వెళ్లగొట్టినవాళ్లు, ప్రాణం మీదికి వచ్చాక తామే పారిపోయి వచ్చినవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఆ నెల రోజులూ కొట్టి మళ్లీ విమానం ఎక్కిన మొగుళ్ల పెళ్లాలు. సిరిసిల్ల నుంచి లంగాల గుడ్డ తానులుగా వచ్చేది. ఇక్కడ లంగాలై, మూటలై తిరిగి వెళ్లేది. ఖాలా దీనికి పేరు పెట్టలేదు, బోర్డు కట్టలేదు. ఇదేమైనా సంఘమా అని అడిగినవాళ్లకు, కాదు, లంగాల దుకాణం అని చెప్పేది.

కొత్త పిల్ల ఎవరైనా వస్తే ఏం జరిగిందని ఖాలా అడిగేది కాదు. నిలబెట్టి జాకెట్టుకు కొలతలు తీసుకునేది. భుజం, చేతి పొడవు, ఛాతీ, నడుము. టేపు ఎక్కడ తగిలితే పిల్ల ఉలిక్కిపడిందో, ఏ చెయ్యి పైకి లేవనంటోందో, వీపు మీద ఎక్కడ తాకనివ్వడం లేదో ఆమె వేళ్లకు తెలిసిపోయేది. నోటితో మాత్రం అంకెలే పలికేది. మర్నాటికల్లా కొత్త జాకెట్టు ఇచ్చేది, నొప్పి ఉన్నచోట కాస్త వదులు పెట్టి. ఒకసారి నేను, ఇలా కాదు ఖాలా, అన్నీ అడిగి రాసిపెట్టుకోవాలి, రేపు కేసు పెడితే పనికొస్తాయి అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. టీచరును కదా, ఉపన్యాసం నాకు తొందరగా వస్తుంది. ఆమె చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ అంతా విన్నది.

"అడుగుతె అబద్దం చెప్తరు బిడ్డా. మెట్ల మీదికెళ్లి పడ్డ అంటరు. టేపుకు చెప్పరాదు అబద్దం" అంది. "రాసుడు నీకు వస్తది, నువ్వు రాయి. పిల్ల సరే అన్ననాడు రాయి."

తర్వాత రాశాను. కొందరికి అర్జీలు రాసిచ్చి స్టేషను దాకా తోడు కూడా వెళ్లాను. పిల్ల సరే అన్ననాడే.

మా ఇద్దరికీ స్నేహం కలిసింది పాత కాపీల దగ్గర, అదే, బడిపిల్లల నోటుబుక్కుల దగ్గర. మేడిపల్లి వైపు ఒక పల్లె బడిలో నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. దిద్దడం అయిపోయిన కాపీలు, పరీక్ష కాగితాలు చిత్తు కాగితాలవాడికి వేయబోతుంటే ఖాలా మెట్ల కింద నుంచి చెయ్యి చాపింది. కొత్త పిల్లలకు మొదటి వారం ఆమె దారం ఇచ్చేది కాదు. దారం లేని సూదితో గీతల కాగితం మీద కుట్టించేది. గీత మీంచి సూది పక్కకు దిగిందంటే ఇంకో కాగితం. అలా మా ఏడో తరగతి పిల్లలు రాసిన కాకతీయుల చరిత్ర అంతా తూట్లు పడింది. చదువు వచ్చిన పిల్ల ఒకతి కుడుతూ కుడుతూ జవాబులు పైకి చదివేది. తప్పు జవాబుకు ఇన్ని మార్కులెట్ల వేసినవ్ టీచరమ్మా అని ఖాలా నన్ను గదిలో అందరి ముందూ నిలదీసేది.

ఆమె కత్తెర ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఊరికే కత్తెర ఆడిస్తే ఇంట్లో లడాయి, కొట్లాట అవుతుందని ఆమె నమ్మకం. మాటల్లో పడి ఎవరైనా టకటకలాడించారంటే స్కేలుతో వేళ్ల మీద ఒకటి పడేది. ఒకసారి ఆ దెబ్బ తిన్న పిల్ల, ఇంకా ఏం లడాయి మిగిలింది ఖాలా అంది. గదిలో ఆరుగురూ పడీ పడీ నవ్వారు. నవ్వాల్సిన మాట కాదది. అయినా వాళ్లతో పాటు నేనూ నవ్వాను, ఇప్పుడు తలుచుకున్నా నవ్వే వస్తుంది.

తాగి గుమ్మం ముందు కేకలేసే మొగుళ్లకు ఆమె దగ్గర ఒకటే మందు. టేపు మెడలోంచి తీసి పట్టుకుని ఎదురు వెళ్లేది. షర్టు కుట్టాల్నా, నిలబడు, కొలత తీస్త అనేది. ఛాతీ చుట్టూ టేపు పడితే ఎంతటి వీరుడైనా చేతులు పక్కకు పెట్టుకుని బొమ్మలా నిలబడాల్సిందే. వీధి వీధంతా చూస్తుంటే, నిలబడ్డాక మళ్లీ కేకలెయ్యడం ఏ మగవాడి వల్లా కాలేదు. ఆమెకు షర్టు కుట్టడం అసలు రాదు.

ఇక డబ్బీ సంగతి. బాబిన్ కేసును ఆమె డబ్బీ అనేది. పిల్ల చెయ్యి తిరిగి, సొంతంగా ఇల్లో గదో చూసుకున్నాక ఖాలా ఒక పాత మిషను బాగుచేసి ఇంటికి పంపించేది. అదే ఆ పిల్లకు ఆమె చేసే పెళ్లి. మిషను పంపేముందు డబ్బీ బయటికి తీసి, ఆ పిల్ల మెడలో తాడుకు పిన్నీసుతో తగిలించేది. ముస్లిం పిల్లలైతే నల్లపూసల లచ్చాకో, తావీజు అనే తాయెత్తు దారానికో. పని చేసేటప్పుడే తియ్యాలి, పని అవగానే మళ్లీ మెడలోకే పోవాలి. స్నానానికి పోయినా, పొయ్యి ముందు కూర్చున్నా, ఎప్పుడైనా. మొగుడు వచ్చి మిషను ఎత్తుకెళ్లి అమ్ముకోబోయినా డబ్బీ లేని మిషను ఎవడూ కొనడని ఆమె లెక్క.

ఇలాంటివి వింటే నాకు నోరు ఊరుకోదు. ఇది ఏ బజారులోనైనా దొరికే వస్తువు కదా, వాడు ఇంకోటి కొని పెట్టుకోడా అన్నాను. ఖాలా కళ్లద్దాల మీంచి నన్ను చూసింది. తాగేటోడు దుకాణంకు పోయి బాబిన్ డబ్బీ ఏ సైజుదని అడుగుతడా టీచరమ్మా, మిషన్ ఖరాబైందనుకుంటడు, గంతే అంది. నాకు ఆ మాట నచ్చలేదు. చదువు చెప్పేదాన్ని, చట్టాలు తెలిసినదాన్ని, ఒక ఇనప ముక్క ఆడదాన్ని కాపాడుతుందంటే ఎలా ఒప్పుకుంటాను? ఖాలా మెడలో టేపు కింద నల్లదారానికి ఒక గుడ్డసంచీ వేలాడుతుండేది. నేను తావీజు అనుకునేదాన్ని. తావీజును నమ్మినట్టే దీన్నీ నమ్ముతోంది, పాపం, అనుకున్నాను.

తెలంగాణ కోసం జరిగిన సమ్మెకు నెల ముందు సిరిసిల్ల పిల్ల వచ్చింది. పేరు పెట్టి పిలవకుండా మేమంతా అలాగే అనేవాళ్లం. ఇరవై ఏళ్లుంటాయేమో. ఏడాదిన్నర ఆడపిల్లను చంకనేసుకుని వచ్చింది. తల్లిగారిల్లు ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె, అక్కడ వదిన గడప తొక్కనివ్వలేదు. మొగుడు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కొలతలు తీస్తుంటే ఆ పిల్ల ఎడమ మణికట్టు దగ్గర ఖాలా టేపు ఆగిపోయింది. విరిగిన ఎముక వంకరగానే అతుక్కుంది. ఆ చెయ్యి సగమే తిరుగుతుంది. గుడ్డను నడిపించేది ఎడమచెయ్యే. వంపులు, జాకెట్టు మెడలు ఈ పిల్లకు రావని మేమంతా అనుకున్నాం. ఖాలా ఒక్కటే అంది, లంగాకు వంపెక్కడిది, అంతా సీదానే కదా.

నిజంగానే సీదా కుట్టు ఆ పిల్ల చేతిలో ఉరికేది. లంగా పైఅంచు మడిచి నాడా, అంటే బొందు, దూర్చే మడత కుట్టడంలో గదిలో ఆమెను మించినవాళ్లు లేకపోయారు. ఆమె అంత పరుగు ఎందుకు పెట్టిందో మా అందరికీ తెలుసు. సిరిసిల్లలో కులపెద్దలు పంచాయితీ పెట్టారు. పిల్లను సాకే తోవ ఆమెకుంటే పిల్ల ఆమె దగ్గర, లేకుంటే అత్త దగ్గర అన్నారు. వచ్చే పంచాయితీకి తోవ చూపించమన్నారు. అత్త దగ్గరంటే ఆ చెయ్యి విరిచినవాడి దగ్గరే.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూశాం. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు తవ్వేవాళ్లు కూడా దిగడంతో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. నేను రోజూ పొద్దున్నే దీక్షా శిబిరంలో కూర్చుని, నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఆ రోజుల్లో నాకు నేల మీద కాళ్లు ఆనేవి కావు. తెలంగాణ వస్తే ఈ పిల్లల కష్టాలన్నీ తీరతాయి ఖాలా, నువ్వు ఒక్కనాడైనా శిబిరానికి రావేం అని గొడవ పడేదాన్ని. "రానీ బిడ్డా, మంచిగనే అయితది" అనేది. "వచ్చినంక గూడ లంగాకు నాడా కావాలె గద." నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటి ఖాలా గదికి ఉద్యమం తనే నడిచి వచ్చింది. ఊళ్లో యువజన సంఘం వాళ్లు గులాబీ రంగు గుడ్డ రెండు మూటలు తెచ్చి పడేశారు. రోడ్డు మీద వంటావార్పు ఉంది, జెండాలు కావాలి, ఊళ్లో దర్జీలందరూ సమ్మెలో ఉన్నారు అన్నారు. ముక్కలు కత్తిరించి, ఒక పక్క కర్ర దూరేలా మడిచి కుట్టాలి. ఖాలా ఎలా కుట్టాలో చూపించి, మర్నాడు కంటి పరీక్షకు ఎవరి బండి మీదో జగిత్యాల వెళ్లింది. ఆ ఒక్కరోజులో సిరిసిల్ల పిల్ల ముందుండి, మిగతావాళ్లను పరుగు పెట్టించి, మూటలు రెండూ పూర్తి చేసేసింది.

సాయంత్రం శిబిరం నుంచి వచ్చిన నేను ఒక జెండా ఎత్తి చూసి కొయ్యబారిపోయాను. కర్ర దూరే మడత పొట్టి వైపు నిలువుగా ఉండాలి. వీళ్లు పొడుగు అంచున అడ్డంగా కుట్టారు. రెండు కొసలూ తెరిచి, నాడా చిక్కుకోకుండా కొస దగ్గర ఎదురు కుట్టు కూడా వేశారు. రోజంతా లంగాలే కుట్టే చేతులు, గుడ్డ చేతికి రాగానే అలవాటైన పని చేసేశాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా సరిగ్గా లేదు.

అప్పుడు నేను అన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ప్రాణాలు ఇచ్చి ఎత్తిన జెండాను లంగా చేసి పెట్టావు కదే అని ఆ పిల్లను అందరి ముందూ అరిచాను. ఆ పిల్ల తన బిడ్డను ఒళ్లోకి లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుంది. పంచాయితీకి ఇంకా నాలుగు రోజులు. ఇక ఇక్కణ్నుంచి కూడా పంపేస్తారనుకుందని నాకు తర్వాత తెలిసింది.

ఖాలా వచ్చి జెండా చూసింది. ఆమె నవ్వడం అరుదు. ఆవేళ మాత్రం కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ నవ్వింది. సంఘం అబ్బాయి వచ్చి మొహం మాడ్చుకున్నాడు, ఇది లంగా లెక్కనే ఉన్నది ఖాలా, జనం నవ్వుతరు అన్నాడు. నవ్వనీ బేటా, నవ్వేటోడు రాయి ఎత్తడు గద అంది. మెడలోంచి పిన్నీసు తీసి, దానికి నాడా కట్టి, ఒక జెండాలోంచి ఇంకో జెండాలోకి దూరుస్తూ పోయింది. చూస్తుండగానే జెండాలన్నీ తోరణమయ్యాయి. వంటావార్పు రోజున రోడ్డుకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా అవి గాలికి ఎగిరాయి. అబ్బాయి ముఖం విప్పారింది. దానికి సగం జెండాలే సరిపోయాయి, మిగతా సగం మా దగ్గరే ఉండిపోయింది. తోరణం కట్టిన రోజే ఖాలా సిరిసిల్ల పిల్ల ముందు కూర్చుని, తన చాయ్ లో సగం సాసరులో పోసి జరిపింది. నా వైపు మాత్రం సాసరు జరపలేదు, అదే నాకు పెద్ద శిక్షయింది.

పంచాయితీ రోజున బస్సుల్లేవు, రోడ్లన్నీ రాస్తారోకోలే. ఖాలా ఒక జీపు మాట్లాడింది. జెండాల తోరణం జీపు ముందు నుంచి వెనక దాకా చుట్టించింది. మేడిపల్లి దగ్గర ఒకచోట, వేములవాడ దాటాక ఒకచోట జనం రోడ్డు మీద బతుకమ్మ ఆడుతూ బండ్లు ఆపుతున్నారు. మా జీపును చూసి దారి ఇచ్చారు, ఒక ముసలామె అయితే కిటికీలోంచి నా చేతిలో పువ్వులు పెట్టింది. పనికిరావని నేను కోప్పడిన జెండాలే మాకు దారి ఇప్పిస్తున్నాయి. జీపులో వెనక ఖాలా సొంత మిషను ఉంది. కాలు మిషను కాదు, చెక్కపెట్టెలో పట్టే పాత చేతి మిషను. ఖాలా తప్ప ఇంకెవరూ దాని మీద కుట్టగా నేను చూడలేదు.

సిరిసిల్ల చేరుతుండగా ఖాలా తన మెడలోని ఆ గుడ్డసంచీ విప్పింది. నేను తావీజు అనుకున్నది. లోపల నల్లబడిపోయిన ఒక డబ్బీ. పక్కన కూర్చున్న సిరిసిల్ల పిల్ల తాడుకు, పుస్తెల పక్కన, పిన్నీసుతో దాన్ని తగిలించింది.

సాంచాల చప్పుడు లేని సిరిసిల్లను అప్పుడే మొదటిసారి చూశాను. పంచాయితీ ఒక పెద్దాయన సాంచాల షెడ్డులోనే జరిగింది. కరెంటు లేక నిలిచిపోయిన మగ్గాల మధ్య చాపలు పరిచారు. మొగుడు ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు. అత్త మాట్లాడింది. పెద్దాయన అంతా విని, ఏం పని చేస్తవ్ బిడ్డా, పిల్లనెట్ల సాకుతవ్ అని అడిగాడు. ఖాలా చేతి మిషను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఎవలదో మిషన్ దెచ్చి చూపెడ్తె నమ్మాల్నా? గిది ఎవలది?" అన్నాడాయన.

"డబ్బీ ఎవరి మెడల ఉంటె మిషన్ గామెది" అంది ఖాలా.

ఆయనకు అర్థం కాలేదు. అత్త లేచి వచ్చి మిషను సూది కింద ఒక గుడ్డ పెట్టి పిడి తిప్పింది. సూది లేచింది, దిగింది, కుట్టు పడలేదు. రెండుసార్లు తిప్పి, ఇదొక తుప్పు మిషను, దీన్ని పట్టుకుని బతుకుతుందట అంది. షెడ్డులో కొందరు నవ్వారు. అప్పటిదాకా నోరు విప్పని సిరిసిల్ల పిల్ల ముందుకు జరిగి, మెడలోని డబ్బీ తీసి, మిషను పళ్లెం జరిపి లోపల పెట్టింది. టక్కుమని శబ్దమైంది. కుట్టడానికి గుడ్డ కోసం చుట్టూ చూసి, బయట జీపుకున్న తోరణంలోంచి ఒక జెండా లాక్కొచ్చింది.

కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఆ వంకర ఎడమచేత్తో గుడ్డ నడిపించింది. ఎక్కడ ఆగిపోతుందోనని నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. ఎక్కడా ఆగలేదు. జెండా రెండు కొసలూ కలిపి పక్క కుట్టు వేసింది, కింది అంచు మడిచి కుట్టింది. పైన నాడా మడత ముందే ఉంది కదా. నాడా దూర్చి, బిడ్డను నిలబెట్టి, నడుముకు కట్టింది. చిన్న గులాబీ రంగు లంగా, కొలత పెట్టినట్టు సరిపోయింది. బిడ్డ లంగా అంచులు పట్టుకుని గిర్రున తిరిగింది. నేను ఎగతాళి చేసిన మాటే నా కళ్ల ముందు బిడ్డ ఒంటి మీద తిరుగుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దాయన చాలాసేపు ఆ బిడ్డనే చూశాడు. "చెయ్యి విరగ్గొట్టినా కుట్టు మంచిగ వడ్డది" అన్నాడు, మొగుడి వైపు చూడకుండా. మళ్లీ కాపురానికి పోతావా అని అడిగితే ఆ పిల్ల పోను అంది. అంత స్పష్టంగా ఆమె మాట్లాడగా నేను అదే వినడం. బిడ్డ తల్లి దగ్గరే అని తేలింది. అయితే మా పుస్తెలు మాకియ్యాలె అంది అత్త. అది ఆనవాయితీ. ఆ పిల్ల తాడు తీసి, రెండు పుస్తెలూ విప్పి పెద్దాయన చేతిలో పెట్టింది. పసుపుతాడు కూడా అక్కడే పడేస్తుందనుకున్నాం. తను మాత్రం మిషనులోంచి డబ్బీ తీసి, పిన్నీసుతో ఆ తాడుకు తగిలించి, తాడు మళ్లీ మెడలో వేసుకుంది.

తిరుగు దారిలో బిడ్డ తల్లి ఒళ్లో నిద్రపోయింది. ఖాలా చెయ్యి మాటిమాటికీ తన మెడ దగ్గరికి వెళ్లి, అక్కడేమీ లేక, టేపును పట్టుకునేది. ఆ డబ్బీ ఎక్కడిదని అప్పుడు అడిగాను.

"మా ఇంటాయన గీ మిషన్ అమ్మనీకి ఎత్తుకపోయిండు. నేను నూనె వోద్దామని డబ్బీ తీసి చేతుల వట్టుకున్న, గంతే. బజారంత తిప్పిండట, ఎవ్వడు కొనలే. పొద్దుగూకంగ దెచ్చి ఇంట్ల పడేసి, ఖరాబ్ మిషన్ అని తిట్టి, మళ్ల రాలే" అంది. టేపు కొస వేలికి చుట్టుకుంది. "నేను తెలివితోని చెయ్యలే బిడ్డా. ఉత్తగనే చేతులుండె. గందుకే గీ పిల్లలకు ముందుగాలనే చెప్తున్న."

ఆమెతో వాదించిన వాదనలన్నీ ఆ జీపులోనే నాకు గుర్తుకొచ్చాయి. క్షమించమని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె కూడా అడిగించుకునే మనిషి కాదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు కోరుట్ల వీధుల్లో నేను కూడా ఎగిరాను, రంగులు చల్లాను. ఖాలా గుమ్మంలో నిలబడి చూసి, నా చీర మీది రంగు ఉప్పునీళ్లలో నానబెడితే పోతుందని చెప్పి లోపలికి వెళ్లింది. సిరిసిల్ల పిల్ల గుడ్డ ఉన్నచోటే పని చేసుకుంటానని మిషనుతో సహా సిరిసిల్లకే వెళ్లిపోయింది. నాకు బదిలీ అయింది. మొదట్లో ఫోన్లు చేసేదాన్ని, ఆ తర్వాత పండక్కి మాత్రమే, ఆ తర్వాత అదీ లేదు. ఖాలా పోయిన సంగతి నాకు నలభయ్యో దినం కూడా దాటాక తెలిసింది. వెళ్లేసరికి ముందు గదికి తాళం ఉంది. నేను కోరుట్ల బజారులో నిలబడి ఏడ్చాను, ఎవరు చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన లేకుండా.

జగిత్యాల బస్టాండులోకి సిరిసిల్ల బస్సు వచ్చింది. ఆ అమ్మాయి పాపను చంకనేసుకుని, సంచీ తీసుకుని లేచింది. నేను కూడా లేచి తలుపు దాకా వెంట నడిచాను. మీ అక్కకు ఎడమచెయ్యి కొంచెం వంకరగా ఉంటుందా అని అడిగాను.

"అవు మేడం. మీకెట్ల ఎరుక?" అంది.

ఆమె మెడలో కూడా డబ్బీ ఉందా అన్నాను.

"ఎందుకు లేదు? కాని మా అందరివి కొత్తయి మేడం, అక్కది నల్లగ, పాతది. మార్చుకో అక్కా అంటె వినది" అంది, బస్సు మెట్టెక్కుతూ. "దీని మిషన్ ఇంక నడుస్తనే ఉన్నది అంటది."